పసుపు పెట్టిన పెన్‌డ్రైవ్

సింధుజ పాముకు భయపడదు, పిడుగుకు భయపడదు. కంప్యూటర్ తెర మీద ఆ చిన్న గుండ్రం ఆగకుండా తిరుగుతుంటే మాత్రం ఆమె గుండె దడదడలాడుతుంది. తాండూరు నుంచి రోజూ రైల్లో వచ్చి వికారాబాద్‌లో నడుపుకుంటున్న జిరాక్స్ దుకాణం మొత్తం ఆ ఒక్క కంప్యూటర్ మీదే ఆధారపడి ఉంది మరి.

ఆ వారం కొత్త అప్‌డేట్ వచ్చింది. అది ఎక్కాక పక్క దుకాణం నీలిమ కంప్యూటర్ నల్లటి తెరతో అలాగే ఉండిపోయింది. సింధుజది బాగానే లేచింది. అయినా ఆమెకు కంటి మీద కునుకు లేదు. పాత సిస్టమ్‌కు పెన్‌డ్రైవ్‌లో చేసిపెట్టుకున్న రికవరీ డిస్క్ కొత్తదానికి పనికిరాదని రిపేర్లు చేసే అనిల్‌కుమార్ చెప్పాడు. కంప్యూటర్ మొండికేసిన రోజు ఆ పెన్‌డ్రైవ్ పెట్టే దాన్ని లేపాలి. కాబట్టి బాగున్నప్పుడే కొత్తది చేసుకోవాలి.

శనివారం ఆ పనికి కూర్చుంది. ఆ రోజు సంచిలో ఇంకో పెన్‌డ్రైవ్ కూడా ఉంది. అందులో నాన్న బీరన్న గొంతు ఉంది. గొర్రెలు కాసుకుంటూనే ఊరూరా బీరప్ప ఒగ్గుకథ చెప్పిన మనిషి. పోయాక మిగిలింది ఆ ఒక్క పాటే. ఇంట్లో దేవుడి గూట్లో ఉండే దాన్ని ప్రతి ఆదివారం తల్లి బుగ్గమ్మ స్పీకర్‌కు పెట్టించుకుని వింటుంది. ఎవరి ఫోన్‌లో ఏ వైరస్ ఉందో, ఎవరు చెరిపేస్తారోనని సింధుజ దాన్ని గడప దాటనిచ్చేది కాదు. నాన్న పక్కన డోలు కొట్టిన బషీరాబాద్ జంగప్ప ఎన్నిసార్లు అడిగినా "రేపిస్త కాకా" అని తప్పించుకునేది. ఇప్పుడు కంప్యూటర్‌లో ఒక కాపీ దాచుకుందామని, రైలుకు టైమవుతుంటే తల్లికి కూడా చెప్పకుండా చీకట్లోనే తీసి సంచిలో పడేసుకుంది. కానీ కంప్యూటరే గట్టిగా లేకపోతే పాట ఎక్కడ దాచేది? ముందు రికవరీ డిస్క్, తర్వాత నాన్న అనుకుంది.

సంచిలో చేయి పెడితే రెండూ చేతికొచ్చాయి. ఒకే కొట్లో కొన్న నల్లటి పెన్‌డ్రైవ్‌లు. ఒకదానికి పసుపు పెట్టి ఉంది. దసరాకు ప్రింటర్‌కు, కత్తెరకు, పెన్‌డ్రైవ్‌కు తానే పసుపు బొట్లు పెట్టింది కదా, ఇక అనుమానమెందుకు? పసుపున్నది దుకాణానిది, లేనిది నాన్నది. లేనిదాన్ని దస్తీలో చుట్టి సొరుగులో పెట్టింది.

ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుందని తెర హెచ్చరించింది. సింధుజ పసుపు వంక ఒకసారి చూసుకుని సరే అని నొక్కింది.

పని అయ్యేదాకా ఆమె భయమంతా కరెంటు గురించే. ఫ్యాను కొంచెం నెమ్మదించినా ఊపిరి బిగబట్టింది. కరెంటు పోలేదు, డిస్క్ తయారైంది. హమ్మయ్య అనుకుని దస్తీ విప్పి రెండోదాన్ని పెట్టింది. అందులో పాత రికవరీ ఫైళ్లు, జనం ఇచ్చి పనైపోయిన దరఖాస్తులు, పాస్‌పోర్టు ఫోటోలు ఉన్నాయి. నాన్న లేడు. దసరా నాటి బొట్టు చేతుల చెమటకు ఎప్పుడో చెరిగిపోయిందని ఆమెకు అప్పుడు తట్టింది. మరి నాన్న పెన్‌డ్రైవ్‌కు పసుపు ఎక్కడి నుంచి వచ్చింది?

వెంటనే అనిల్‌కుమార్‌కు ఫోన్ చేసింది.

"దాని మీద కొత్తది రాసినవ్ గదక్కా. జర కష్టమే" అన్నాడతను.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అచ్చం అదే జరిగింది. తాండూరు రైల్లో సీటు దొరికినా కూర్చోలేకపోయింది. స్పీకర్ పాడైందని అమ్మకు చెప్పాలా? ఎన్ని ఆదివారాలు చెప్పగలదు?

బుగ్గమ్మ గడపలోనే కూర్చుని ఉంది. ఆమె మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

"బిడ్డా, గూట్లె నాయిన పాట లేదు. నువ్వు గిన తీసినవా?"

"నేనే తీసిన. నేనే చెరిపిన అమ్మా. పసుపు జూసి దుకాణంది అనుకున్న." సింధుజ భోరుమంది.

బుగ్గమ్మ తలొంచుకుని మెల్లగా అంది. "పసుపు నేను వెట్టిన. నువ్వు తిడ్తవని చెప్పలే. మొన్న జంగప్ప ఒచ్చి బతిమాలితే ఇచ్చిన. ఫోన్ల ఎక్కిచ్చుకొని మల్ల తెచ్చిచ్చిండు. గడప దాటి పోయొచ్చింది గదా అని పసుపు వెట్టి గూట్లె వెట్టిన."

సింధుజకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థం కాగానే ఫోన్ తీసింది. జంగప్ప ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. తల్లీకూతుళ్లు ఇద్దరూ ఆ మోతనే వింటూ బిగుసుకుపోయారు. చివరికి గొర్రెల అరుపుల మధ్య నుంచి గొంతు వినిపించింది.

"కాకా, నాయిన పాట నీ ఫోన్ల ఉన్నదా?"

అవతలి నుంచి బెదురు గొంతుతో జవాబొచ్చింది. "కోపం జెయ్యకు బిడ్డా. వదినె ఇస్తెనే తీస్కున్న. నీకు ఇష్టం లేకుంటె గిప్పుడే తీసేస్త."

"వద్దు కాకా! తియ్యకు! నీకు దండం వెడ్త, దేన్నీ ఒత్తకు!"

సింధుజ అరిచిన అరుపుకు పక్కింటి వాళ్లు బయటికి వచ్చారు. జంగప్ప బిత్తరపోయినా, ఆమె బతిమాలితే ఇంట్లోని మనవరాలి ఫోన్ తెప్పించి, దాంతో మళ్లీ చేసి, తన ఫోన్‌లో పాట పెట్టి వినిపించాడు. గరగరల మధ్య బీరన్న గొంతు లేచింది. సింధుజ తల్లి పక్కనే గడప మీద కూలబడింది.

పాట మధ్యలోనే బుగ్గమ్మ ఫోన్ అందుకుంది.

"జంగప్పా, గది నీ ఒక్కనికాడనే ఉంచకు. అడిగినోళ్లందరికి ఇయ్యి" అంది.

సింధుజ ఈసారి అడ్డు చెప్పలేదు.