ఉప్పులో ఊరిన గింజలు

మా అమ్మ పెంచిన టమాటా పులుపు గురించి నేను చెప్పేవన్నీ అబద్ధాలు కావు. ఆ పులుపుకి పక్కింటి చింతచెట్టు సిగ్గుపడి ఓ ఏడు కాపు మానేసిందన్నది మాత్రం నా కల్పన. అమ్మ పోయాక ఆ విత్తనాన్ని తెనాలిలో మా పెరట్లో నేనే నిలబెట్టుకొచ్చాను. ఏటా కాయలు రేపల్లె మోసుకెళితే అక్క నిలవ పచ్చడి పెట్టేది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, "అమ్మ కలిపినట్టే ఉందిరా" అనేది.

మొన్నటి వానలకి పెరట్లో నీళ్లు నిలిచి మొక్కలన్నీ కుళ్లిపోయాయి. బూడిద కలిపి దాచిన గింజలున్నాయిలే అని డబ్బా మూత తీశాను. నీళ్లు అందులోకీ దిగాయి. గింజలు లోపలే మొలిచి, చీకట్లో పాలిపోయి, మురిగిపోయాయి. మూత పెట్టేసి, దానిమీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చుండిపోయాను.

ఇక మిగిలినవి అక్క దగ్గరి ఒరుగులు. పచ్చడికని ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన ముక్కలవి. పరుగున వెళ్లి తెచ్చాను. నానబెట్టి గింజలు వలిచి, ఉప్పదనం పోయేదాకా కడిగి, తడిగుడ్డలో మూటకట్టి వంటగది గట్టుమీద పెట్టాను. ప్రాణమున్న గింజైతే వారం పది రోజుల్లో తెల్లటి ముక్కు బయట పెడుతుంది.

పెట్టలేదు. రోజూ గుడ్డ విప్పడం, చూడడం, తడిపి మళ్లీ కట్టడం. చివరికి కొన్ని గింజలు పొట్లం కట్టుకుని, విత్తనాల సంగతి తెలిసిన ఓ మేష్టారి కోసం బాపట్ల వెళ్లాను.

"ఉప్పులో ఊరాయా అండి?" అన్నారాయన, నేను చెప్పిందంతా విని.

"ఊరాయండి. అయినా మా విత్తనం మొండిదండి. ఓసారి కోడి మింగితే దాని కడుపులోనే మొలిచి, ముక్కులోంచి ఆకేసిందండి."

ఆయన నవ్వలేదు. ఓ గింజని బ్లేడుతో చీల్చి చూపించారు. లోపలంతా గోధుమరంగు.

"చచ్చిపోయిందండి. మిగతావీ ఇంతేనండి."

ఇంటికి రాగానే అక్క ఫోను.

"ఏంట్రా, మొలిచాయా?"

"మొలిచాయక్కా."

"సరే, రేపొస్తున్నా."

తెల్లారి గుడ్డ విప్పితే బూజు. నర్సరీలో నారు కొని కుండీలో పెడదామా అనుకున్నాను. ఆకు నలిపి వాసన చూసిందంటే అక్క పట్టేస్తుంది. ఉత్తచేతులతో స్టేషనుకి వెళ్లాను.

అక్క చిన్న సీసాతో రైలు దిగింది.

"మొలవలేదని ఫోన్లోనే తెలిసిందిరా," అంది, నేను నోరు తెరవకముందే. "మొలిచుంటే నువ్వు ఒట్టి 'మొలిచాయి' అని ఊరుకుంటావా? మేడెక్కాయనేవాడివి, కోయడానికి నిచ్చెన కావాలనేవాడివి."

అక్క చేతిలోని సీసా అందుకున్నాను.

సీసాలో పోయినేటి పచ్చడి, అడుగున మిగిలింది. మధ్యాహ్నం ఇద్దరి కంచాల్లోనూ ఊడ్చి వేసింది. అన్నంలో గింజలు ఒక్కొక్కటే నాలుకకి తగులుతున్నాయి. కొరకడానికి మనసొప్పక మింగేస్తున్నాను. తలెత్తి చూస్తే అక్క కూడా నమలడం లేదు.