మనవరాలి ఉమ్రా, నా షరతు

నిరుడు చలికాలం సెలవులకు ముందు ఒక సాయంత్రం, భవానీపూర్‌లో మేముండే మేడ మీద, నల్లటి నీళ్ల ట్యాంకు చుట్టూ నేను ప్రదక్షిణలాంటిది చేశాను. దేవుడు లేడని జీవితమంతా వ్యాసాలు రాసినవాణ్ణి. పక్క మేడ మీద ఆరిన బట్టలు తీస్తున్న బెంగాలీ ఆవిడ పని ఆపి మరీ చూసింది.

"తాతా, ఉల్టా తిరుగుతున్నావ్! ట్యాంకు ఎడమచేతి వైపు ఉండాలి," అని మా మనవరాలు అరిచింది.

"నన్ను జనం అన్నావు కదే? జనం ఎటైనా తిరుగుతారు."

"దూర్! అక్కడ అందరూ ఒకే వైపు తిరుగుతారు. తిన్నగా తిరుగు. నన్ను తొయ్యి. మరీ గట్టిగా కాదు."

దానికి ఎనిమిదేళ్లు. నాయనమ్మతో, నాన్నతో కలిసి మక్కాకు ఉమ్రా యాత్ర వెళ్లబోతోంది. రద్దీలో నాయనమ్మ చెయ్యి వదలకుండా, అక్కడి మసీదు మధ్యలో ఉండే నల్లటి కాబా చుట్టూ తిరగడం నేర్చుకుంటోంది. ట్యాంకు కాబా, నా గొడుగు పిడి నాయనమ్మ చెయ్యి, నేను రద్దీ.

ఆ యాత్రకు అడ్డం పడబోయింది నేనే. నన్ను ఆపింది ఆ నాయనమ్మ. ఇది ఆవిడ మీది కృతజ్ఞతతో రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్లోని లిలువా రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చిన క్రైస్తవ కుటుంబం. పసిపిల్లల బాప్తిస్మం మీద వాదన పెట్టుకుని, మీసాలు రాకముందే నేను చర్చి వదిలేశాను. మాట రాని బిడ్డ తల మీద నీళ్లు చల్లి "వీడు మావాడు" అనడం దౌర్జన్యం అన్నాను. ఆ తర్వాత ఆదివారం చర్చావేదికల్లో పాస్టర్లతో, పురోహితులతో, మౌల్వీలతో అదే మాట అన్నాను. పిల్లవాడికి ఓటు హక్కు ఇవ్వడానికి వయసు చూస్తారు, పెళ్లికి వయసు చూస్తారు, మతానికి మాత్రం పురిటి మంచం చాలా? ఇప్పటికీ ఇదే అడుగుతాను.

నా కూతురు మా పాత వీధిలోని తెలుగు ముస్లిం కుటుంబపు అబ్బాయిని రిజిస్టరు పెళ్లి చేసుకుంది. ఇద్దరికీ సాల్ట్ లేక్‌లో కంప్యూటరు ఉద్యోగాలు. ఆ పెళ్లికి నేను పెట్టింది ఒకటే షరతు: పుట్టబోయే పిల్లల్ని, వాళ్లంతట వాళ్లు ఎంచుకునే దాకా, ఏ మతానికీ కట్టెయ్యకూడదు. మా వియ్యపురాలు, రైల్వే స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, "అలాగే అన్నయ్యా, మాటిస్తన్నాను" అంది.

ఆ ప్రదక్షిణకు కొన్ని వారాల ముందు, దసరా పూజా సెలవులు అయ్యాక ఒకరోజు, ఆవిడ మనవరాల్ని వెంటబెట్టుకుని లిలువా నుంచి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో మా మూడంతస్తులు ఎక్కి, ఊపిరి తీసుకుని, మొదలుపెట్టింది.

"ఉమ్రాకి ఎల్తన్నాను అన్నయ్యా. పిల్ల తనూ వస్తానంటన్నాది. మీ అమ్మాయినడిగితే, నాన్న ఒప్పుకుంటేనే అన్నాది. మీరేటంటారు?"

"ఏటనేదేటి చెల్లెమ్మా! మీరిచ్చిన మాటేటైంది? ఫోను తెరిస్తే చాలు, పాలు తాగే పిల్లలకి తెల్లబట్టలు చుట్టి మక్కాలో ఫొటోలు. ఆ బిడ్డల్ని అడిగేరా ఎవరైనా? ఇప్పుడు మన పిల్లని కూడా..."

"టీ చల్లారిపోతన్నాది. తాగీసి తిట్టండి."

తాగాను. ఆవిడ క్లాసులో లెక్క విడమరిచినట్టు చెప్పుకొచ్చింది.

"మరీ పసిబిడ్డైతే, యాత్ర చేస్తన్నానన్న సంకల్పం పెద్దవాళ్లు చెప్పుకుంటారు, నిజమే. ఇది మంచీచెడూ తెలిసిన పిల్ల. దీని బదులు నేను చెప్తే చెల్లదు. తన మనసుతో తనే అనుకోవాల. మధ్యలో ఇంక చాలు అని మానేసినా దాని మీద దోషం లేదు. ఇది ఉమ్రా, చిన్న యాత్ర కాబట్టి సరే, పెద్ద యాత్ర హజ్‌కే తీసుకెళ్లినా అంతే. చిన్నప్పుడు చేసిన హజ్ పెద్దయ్యాక చెయ్యాల్సిన హజ్‌కి బదులు కాదు. పెద్దయ్యాక మళ్లీ తనే ఎల్లాల. మా ఇంట్లో తరతరాలుగా ఇలాగే చెప్పుకుంటన్నాం."

తలుపు చాటు నుంచి మనవరాలు దూసుకొచ్చింది. "అయితే నాది లెక్కలోకి రాదా దాదీ?"

"పుణ్యం వస్తాదమ్మా. కానీ అది నీ మెడకి తాడు కాదు."

చర్చావేదికల్లో ఏ మౌల్వీ నాకు ఈ మాట చెప్పలేదు. మేం దేవుడు ఉన్నాడా లేడా అని గొంతులు చించుకున్నాం. చిన్నప్పుడు చేసినది బిడ్డను కట్టెయ్యకూడదని నేను చర్చి మెట్ల మీద అరిచాను; కట్టెయ్యదని ఈవిడ నా గదిలో కూర్చుని నిదానంగా చెప్పింది.

పిల్లనే అడిగాను, ఎందుకు వెళ్తావని.

"దాదీ రోజూ కాబా వైపు తిరిగే నమాజు చేస్తుంది కదా. అక్కడికే వెళ్లిపోయాక ఎటు తిరుగుతుంది? చూడాలి."

ఇంతకన్నా మంచి కారణం నేను ఏ యాత్రికుడి నోటా వినలేదు.

"సరే చెల్లెమ్మా. కానీ సంకల్పం చెప్పే ముందు ఇంకోసారి అడగాలి. వద్దంటే వద్దు."

"అడుగుతాను. అన్నట్టు, యాత్రలో వాదన పెట్టుకోకూడదు అన్నయ్యా. మీరు రాకపోవడమే మంచిదైంది!"

తిరిగొచ్చిన మర్నాడే ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. వియ్యపురాలు చెప్పులు విప్పుతూనే అందుకుంది.

"మీ మనవరాలు ఆకాశంలో నా ప్రాణం తీసేసింది! సంకల్పం చెప్పుకోవాల్సిన హద్దు దగ్గరకొచ్చిందని విమానంలో చెప్పేరు. అందరూ చెప్పుకుంటన్నారు. మాటిచ్చేను కదా, అడిగేను, నీకిష్టమేనా అమ్మా అని. ఏటన్నాదో తెలుసా? ఆలోచించి చెప్తానన్నాది!"

"మరి ఆలోచించొద్దా?" అంది మనవరాలు.

"నువ్వు ఆలోచిస్తన్నావని విమానం ఆగుతాదేటే? వీళ్ల నాన్నేమో, దాని బదులు నువ్వే అనెయ్యమ్మా అంటన్నాడు. నేననలేదు. ఇది మబ్బుల్ని చూసింది, నీళ్లు తాగింది, ఇంకాస్త మబ్బుల్ని చూసింది. అప్పుడు, సరే ఇష్టమే అన్నాది. హమ్మయ్య అనుకున్నాను."

"వద్దని ఉంటే?"

"ఏటి చేస్తాను? దీన్ని వాళ్ల నాన్న దగ్గర ఒగ్గీసి నేనొక్కదాన్నే కాబా చుట్టూ తిరిగొద్దును. మాటిచ్చింది నేను కదా."

నా అభిప్రాయాలేవీ మారలేదు. ట్యాంకు ట్యాంకే. కానీ నేను పక్కన లేనిచోట, తన జన్మలోకెల్లా పెద్ద కోరిక తీరబోయే వేళ, ఆ మనిషి ఎనిమిదేళ్ల పిల్ల జవాబు కోసం నోరు మూసుకుని కూర్చుంది. నేను వ్యాసాల్లో అడిగింది ఆవిడ విమానంలో చేసి చూపింది.

టీ పెట్టి తెచ్చాను. "ఇంతకీ అక్కడ ఎటు తిరిగి నిలబడ్డారే?" అని అడిగాను.

మనవరాలు బిస్కెట్ల డబ్బా బల్ల మధ్యలో పెట్టింది. నన్ను ఇటు, నాయనమ్మను అటు కూర్చోబెట్టింది. "ఇదిగో ఇలా. చుట్టూ నిలబడి అందరూ మధ్యకే చూస్తారు. అందుకని నీ ఎదురుగా ఇంకో మనిషి ఉంటారు."

నా ఎదురుగా మా వియ్యపురాలు ఉంది. చేతులెత్తి దణ్ణం పెట్టాను, డబ్బాకి కాదు.