అంబ్రీన్ కొట్టెయ్యని జవాబు

జహీరాబాద్‌లో బోరు మోటార్లు బాగుచేసే హఫీజుద్దీన్ పల్లెలకు పనికి వెళ్లినప్పుడల్లా కూతురు అంబ్రీన్‌ను స్కూటరు మీద వెంట తీసుకెళ్లేవాడు. ఆయన మోటారు విప్పి సర్దేలోగా ఆ పిల్ల గట్లన్నీ చుట్టి వచ్చేది. మొగుడంపల్లి దగ్గరి బీడులో మేకలు కాసే మహాదేవమ్మే ఆమెకు మొదటి పంతులమ్మ. తీతువు పిట్ట చెట్టు మీద గూడు కట్టదనీ, గులకరాళ్ల నడుమ రాళ్లలాగే కనిపించే గుడ్లు పెడుతుందనీ చూపించింది ఆమే. "చూసి కాలెయ్యి బిడ్డా, తొక్కినంక ఏడిస్తే ఫాయిదా లేదు" అనేది.

పదేళ్లు దాటేసరికి చుట్టాలు మొదలుపెట్టారు. "ఆడపిల్లకు బీళ్లెంబడి తిరుగుడేంది?" తమ్ముడు ఇర్షాద్ రోజంతా వీధుల్లో తిరిగినా అడిగేవాళ్లు లేరు. అంబ్రీన్ కోపం అప్పుడు పుట్టిందే. తండ్రి మాత్రం ఆమెను స్కూటరు ఎక్కించుకోవడం ఆపలేదు.

జంతుశాస్త్రం చదివింది, బీఎడ్ చేసింది. రెండేళ్లు హైదరాబాద్‌లో పిల్లలకు ప్రకృతి శిబిరాలు నడిపే సంస్థలో పనిచేసింది. కార్లలో దిగే పిల్లలకు చీమల బారు చూపిస్తున్నప్పుడల్లా, మా ఊరి పిల్లలకు వాళ్ల ముంగిట్లో ఉన్నదాన్ని ఎవరు చూపిస్తారని ఒళ్లు మండేది. తిరిగొచ్చి ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరింది. శుక్రవారం చివరి పీరియడులో ఐదో తరగతిని బడి వెనక బీడులోకి నడిపించుకుపోయేది.

ఏప్రిల్ పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. బీడు భూమి అంటే ఏమిటి? 'ఏమీ పండని, పనికిరాని నేల' అని గైడులో ఉంది. దీక్షిత అనే పిల్ల మాత్రం 'తీతువు గుడ్లు పెట్టే చోటు. మేకలు మేసే చోటు. పనికొస్తది' అని రాసింది. అంబ్రీన్ రెండుకు రెండు మార్కులు వేసింది.

కరస్పాండెంట్ మదన్‌మోహన్ పిలిపించాడు.

"ఏంది మేడమ్ గిది? గైడుల ఏమున్నది, పిల్ల ఏం రాసింది?"

"కండ్లతోని చూసింది రాసింది సార్."

"గైడుల లేకుంటే తప్పే. కొట్టేయుండ్రి."

"నేను కొట్టెయ్య."

ఆయనే ఎర్ర పెన్ను తీసి జవాబుకు అడ్డంగా గీత గీసి, పక్కన సున్నా చుట్టాడు. అంబ్రీన్ ఒక తెల్ల కాగితం లాక్కుంది. ఆ బల్ల మీదే రాజీనామా రాసి ఆయన ముందుకు తోసి బయటికి నడిచింది.

మర్నాడు దీక్షిత తండ్రి చందర్ కూతురి రెక్క పట్టుకుని అంబ్రీన్ ఇంటికొచ్చాడు. హైవే మీద లారీలకు పంక్చర్లు వేసే మనిషి. "సున్నా వచ్చిందని రెండు పీకిన మేడమ్. మీరే పిల్లలను పాడు చేసిన్రంట గద!"

దీక్షిత చెంప మీద వేళ్ల అచ్చులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. అంబ్రీన్ లేచి చెప్పులు తొడుక్కుంది. "నడువుండ్రి అన్నా. మీ బిడ్డ ఏం రాసిందో చూద్దురు గాని."

బడి వెనక బీడులో అడుగు పెట్టగానే తీతువు అరుస్తూ చందర్ నెత్తి మీదికి దూకింది. ఆయన చేతులు అడ్డం పెట్టుకుని కూలబడ్డాడు. దీక్షిత వేలు చూపిన చోట, ఆయన మోకాలికి జానెడు దూరంలో నాలుగు గుడ్లు. చాలాసేపు వాటినే చూసి, "నిజమే గదనే" అన్నాడు. బిడ్డ చెంప తడమబోతే ఆ పిల్ల ముఖం తిప్పుకుంది. అంబ్రీన్ ఆయన్ని ఓదార్చలేదు.

ఆదివారం చందరే తన బిడ్డతో పాటు గల్లీ పిల్లలను నలుగురిని అంబ్రీన్ ఇంటికి తోలుకొచ్చాడు. అట్లా మొదలైంది, పిల్లలతో బీడు తిరగడం. మూడేళ్లు తిరిగేసరికి న్యాల్‌కల్ వైపు ఆరు సర్కారు బళ్లు తమ పిల్లలను కూడా అట్లా తిప్పమని ఆమెను పిలుస్తున్నాయి.

మొన్న బస్సులో ఉండగా మదన్‌మోహన్ ఫోన్ చేశాడు. "మా స్కూల్ల నేచర్ క్లబ్ పెడుతున్నం మేడమ్. మీరొచ్చి రెండు ఫొటోలు దిగితే చాలు."

"దీక్షిత మార్కులు దిద్దిన్రా సార్?"

"గదింకా యాదికున్నదా మీకు?"

ఫోన్ పెట్టేసింది. న్యాల్‌కల్‌లో బస్సు దిగినా కోపం దిగలేదు. బడి గేటు దగ్గర ఏడో తరగతి పిల్లలు ఉత్త కాళ్లతో వరసకట్టి ఉన్నారు.

"ముండ్లల్లకు చెప్పుల్లేకుండ ఎట్ల వస్తర్రా? ఎవలు చెప్పిన్రు మీకు?" అని కసిరింది.

"సప్పుడైతే పిట్టలు లేస్తయని మీరే అంటిరి గద టీచర్!"

"తొడుక్కొని రాపోండ్రి!"

పిల్లలు బడిలోకి ఉరికారు. ఆమె గేటు పక్కనున్న బండ మీద కూర్చుంది, వాళ్లు వచ్చేదాకా.