భూమికి సేనాపతి మా బావమరిది

గ్రహాంతరవాసులు ఎప్పుడు దండెత్తినా అమెరికాలోనే దిగాలని ఎవరు నిర్ణయించారో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ల కంటికి ఎల్‌బీ నగర్ చౌరస్తా ఆనదా? నేను బడిలో చదివింది ఏడో తరగతి దాకానే. మిగతాదంతా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో పనిచేస్తూ, మామిడికాయల పెట్టెల్లో పరిచిన పాత పేపర్లలో చదువుకున్నాను. అంగారకుడి మీద వ్యాసం సగం ఒక పెట్టెలో దొరికేది. మిగతా సగం ఏ ఊరికి పోయిందో ఏమో, నేనే ఊహించుకునేవాణ్ని. నాకు రాయడం అలాగే పట్టుబడింది.

తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న రోజుల్లో, మా కాలనీ వినాయక మండపం దగ్గర ఆడటానికి ఒక నాటకం రాశాను. గ్రహాంతర శత్రువుల దండు అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక దిగుతుంది. అక్కడ సినిమాల కోసం కట్టిన కోటలను చూసి, ఇదే రాజధాని అనుకుని ముట్టడిస్తుంది. ఆ అట్టకోటలతో వాళ్లు కుస్తీ పడుతుండగా మన సైన్యం ఎల్‌బీ నగర్‌లో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పుకు దిగుతుంది. రోడ్డు మీదే వండుకుని తింటూ దారి ఆపడం ఆ రోజుల్లో మాకు బాగా అలవాటైన యుద్ధం.

నాటకం ఆడించే భారం పక్కింటి మాస్టారిది. గుంటూరు వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవారు. శత్రురాజు వేషం కూడా ఆయనదే.

"శత్రువులు ఏ యాసలో మాట్లాడాలండీ?" అన్నారు మొదటిరోజే. "మీ యాస పెడితే మీకు కోపం. మా యాస పెడితే రేపు పొద్దున నేను పాలప్యాకెట్‌కి బయటికెలా వెళ్లను?"

"ఇంగ్లీషు పెట్టుండ్రి సారూ. ఎవ్వలికీ నొప్పి ఉండది."

ఆ తగువు అక్కడితో తీరింది. అసలు తగువు సేనాపతితో వచ్చింది. ఆ వేషం మా బావమరిదిది. పోచంపల్లి మగ్గాల ఇంట్లో పుట్టి, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్నవాడు. ఉద్యమం ఊరేగింపుల్లో జెండా పట్టుకుని అందరికంటే ముందు నడిచేవాడు. అలాంటివాడు స్టేజీ అనేసరికి నీరుగారిపోయాడు.

"బావా, స్టేజీ మీద మన మాట వద్దు. నవ్వుతరు."

"ఎందుకు నవ్వుతరు?"

"సిన్మాలల్ల మన లెక్క మాట్లాడేది ఎవలు? రౌడీ, లేకుంటె జోకరు. గది అలవాటైంది జనానికి."

నాకు ఒళ్లు మండింది. "రాష్ట్రం కావాల్నంటవు. నోరు మాత్రం కిరాయిది తెచ్చుకుంటవా?"

"నీకేంది, తెర ఎనుక నిలవడుతవు. ఇజ్జత్ పోయేది నాది."

నాకు కావలసింది ఒక్కటే. భూమిని కాపాడేవాడు మా అమ్మ మాట్లాడిన మాటలో ఆజ్ఞ ఇవ్వాలి, ఎవరూ నవ్వకూడదు. ఇంత చిన్న కోరికకు కూడా పోట్లాడవలసి వచ్చింది. రిహార్సల్స్ అయ్యేలోపు ఎలాగో వాణ్ని ఒప్పించాను.

నాటకం రోజే బంద్ వచ్చిపడింది. ఆంధ్రా బస్సుల కోసం ఎల్‌బీ నగర్ వచ్చి చిక్కుకుపోయినవాళ్లు సూట్‌కేసులతో, పిల్లలతో మా మండపానికి చేరారు. పులిహోర పెట్టాం. తిని, ఎటూ పోలేక, సాయంత్రం ముందు వరుసల్లో కూర్చున్నారు. తెర సందులోంచి వాళ్లను చూడగానే బావమరిది ముఖం పాలిపోయింది.

స్టేజీ మీదికి పోయి, "ఓ వీరులారా, సమరభూమికి కదలండి" అన్నాడు. ఒప్పుకున్న మాట గంగలో కలిసింది. తెర వెనుక నేను పళ్లు నూరాను. సైన్యం కూడా కదలలేదు, వాళ్లకు నేర్పిన ఆజ్ఞ అది కాదు మరి. ఆ తడబాటులో స్టేజీ పైన వేలాడదీసిన శత్రువుల ఆకాశ ఓడ తాడు పట్టుకున్నవాడి చేయి జారింది. అట్టలతో, వెదురుబద్దలతో కట్టిన పెద్ద ఓడ ఒక పక్కకు ఒరిగి వినాయకుడి మీదికి దిగసాగింది.

"ఏం చూస్తున్నరు, తాడు గుంజుండ్రి" అని అరిచాడు మావాడు. "గా అద్దాల సారూ, మీరు గిటు రాండ్రి. గా చీర కొంగు పక్కకు తియ్యమ్మా, కాళ్లకు తట్టుకుంటది."

ముందు వరుస ప్రయాణికులు సూట్‌కేసులు వదిలేసి స్టేజీ ఎక్కి తాడు అందుకున్నారు. కొమ్ముల కిరీటంతో మాస్టారు కూడా వచ్చి పట్టుకున్నారు. నేను చెవులు రిక్కించి విన్నాను. ఎక్కడా ఒక్క నవ్వు లేదు.

"పట్టుకున్నామండీ, ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు కళ్లద్దాలాయన.

"త్వరగా చెప్పండి సేనాపతిగారూ, అరచేతులు కోసుకుపోతున్నాయి" అన్నారు శత్రురాజు.

బావమరిది తాడు పట్టుకున్నవాళ్లను చూశాడు. కింద కూర్చున్న జనాన్ని చూశాడు. అందరూ వాడి నోటివైపే చూస్తున్నారు.

"ఇడ్వకుండ్రి," అన్నాడు, ఈసారి నిదానంగా. "జర మీదికి గుంజుండ్రి. నేనున్న గద."

ఓడ పైకి లేచింది. వాడు కత్తి దూసి, అదే యాసలో సైన్యాన్ని పిలిచి యుద్ధం మొదలుపెట్టాడు.