మిగతా ఏడో పేజీలో

పిండిగిర్ని నడుపుతాను. బస్తాలు మోయడం నాకు కొత్త కాదు. ఎంత బరువైన బస్తానైనా గడప దాటగానే దించేయవచ్చు. దించలేని బస్తా ఒకటి ఎనిమిదేళ్లుగా నా వీపు మీద ఉంది. ఈరోజు మీ ముందు దించుతున్నాను. మీరు చెయ్యి వేయనక్కరలేదు. కాస్త పక్కకు జరిగితే చాలు.

పేరు చెప్పను. మర్రిగూడ దిక్కు వాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు. మీసాల మీద పిండితో లైబ్రరీకి వెళ్లేవాణ్ని ఈ చుట్టుపక్కల నేనొక్కణ్నే. ఏడో తరగతితో బడి మానేశాను. తర్వాత చదివిందంతా లైబ్రరీలోనే. అక్కడి బీరువాల్లో నేను తెరవని పుస్తకం లేదు. రోమ్ రాజుల గురించి చదివాను, గొర్రెల రోగాల గురించి చదివాను, రెండూ ఒకే వారంలో. నేను తిరిగిచ్చిన పుస్తకాన్ని లైబ్రేరియన్ మేడమ్ కిటికీ బయట దులిపి గానీ లోపల పెట్టేది కాదు.

దాంతో ఊళ్లో నాకొక పేరు వచ్చింది. జొన్నలు పట్టించడానికి వచ్చినవాళ్లు సందేహాలు కూడా వెంట తెచ్చేవాళ్లు. తెలిస్తే చెప్పేవాణ్ని. తెలియకపోతే ఇంకొంచెం గట్టిగా చెప్పేవాణ్ని. తెలియదు అనే ఒక్క మాట నా నోటికి ఎందుకు రాదు? పదో తరగతి చదివినవాడు తెలియదంటే మరచిపోయాడనుకుంటారు, ఏడో తరగతిలో ఆగినవాడు తెలియదంటే అవునులే అనుకుంటారు. ఆ "అవునులే" అంటే నాకు పామంటే ఉన్నంత భయం.

ఇప్పుడు మా లైబ్రరీలో పేపరు చదివే పద్ధతి చెప్పాలి. వచ్చేది ఒక్క పేపరు. చదివేవాళ్లం చాలామందిమి. అందుకని రాగానే దాన్ని విడదీసి తలా ఒక షీటు పంచుకుంటాం. నడిమి షీటు మాత్రం రాజలింగం తాతది. రాశిఫలాలు అందులో ఉంటాయి. ఫలం బాగుంటే తాత నిశ్చింతగా నిద్రపోతాడు. బాగా లేకపోతే దిగులుతో నిద్రపోతాడు. ఎలాగైనా ఆ షీటు ఆయన చెంప కిందే ఉంటుంది. లేపితే మన పూర్వీకులతో మొదలుపెట్టి తిడతాడు.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో, వానలు మొదలైన రోజుల్లో, మొదటి పేజీ నా చేతికి దొరికింది. అందులో ఒక వార్త. కాలేజీ సీట్లలో మాజీ సైనికుల పిల్లలకు కోటా ఉందట. యుద్ధంలో ప్రాణం పోయినవాళ్ల పిల్లలకు ముందు. గాయపడి అవిటివాళ్లైనవారి పిల్లలకు తర్వాత. ఆ తర్వాత పతకాలు వచ్చినవారి పిల్లలకు. అక్కడ "మిగతా 7లో" అని ఉంది. ఏడో పేజీ తాత చెంప కింద ఉంది. తాత వైపు చూశాను. గురక విన్నాను. మిగతాది ఏముంటుందిలే అనుకున్నాను.

ఆ సాయంత్రమే సైదులన్న, పద్మ వదినె గిర్నికి వచ్చారు. సైదులన్న మిలిట్రీలో వంటమనిషి. పదిహేడేళ్లు మంచుకొండల్లోనూ ఎడారుల్లోనూ చపాతీలు చేసి, ఇంటికొచ్చి, ఉన్న రెండెకరాల్లో పత్తి పెట్టాడు. ఆయన పెద్దబిడ్డ మౌనికకు అప్పుడే ఇంటర్ అయింది. ఆ పిల్ల పత్తికాయల్లోని గులాబీ పురుగును హార్లిక్స్ సీసాలో వేసి, అది ఎప్పుడు రెక్కలు తెచ్చుకుంటుందోనని రోజూ చూసేది. చదివితే వ్యవసాయ డిగ్రీయే చదువుతానని పట్టు. ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది కానీ, మామూలుగా సీటు దొరికేంత మంచిది కాదు. కోటా ఉంటే దొరుకుతుంది.

"తమ్మీ, మిలిట్రోళ్ల పిల్లలకు సీట్లున్నయంట గద. నువ్వేమన్న సదివినవా?" అన్నాడు సైదులన్న.

"పొద్దుగాల్నే సదివిన అన్నా. నీకు లడాయిల దెబ్బ తాకిందా?"

"తాకింది." ఎడమకాలు పైకి పెట్టి మచ్చ చూపించాడు. "లడఖ్‌ల మీద పడ్డది."

"బాంబా?"

"పప్పు. మసిలే పప్పు. కంపెనీ మొత్తానికి వండింది."

"పప్పు లెక్కకు రాదన్నా. దుష్మన్ తాకియ్యాలె."

"వంటోనికి పప్పే దుష్మన్ గదనే!"

"పతకం గిట్ల ఉన్నదా మరి?"

సైదులన్న కాలు దించుకున్నాడు. "పరోటా తిని ఒక మేజర్ సాబు చెయ్యి కలిపిండు."

"చెయ్యి కలిపితే రాదన్నా."

అప్పటిదాకా చాట పట్టుకుని నిలబడ్డ వదినె అందుకుంది. "ఈన గాడ మంచుల ఉండె, నేను గీడ ఎండల ఇద్దరు పిల్లలతోని ఉంటి. దీనికేం లెక్క లేదా? నల్లగొండకు పోయి ఆఫీసుల అడుగుదాం పా."

"నువ్వూకో. తమ్ముడు సదివిండు గద. ఉత్తగ బస్సుల తిరుగుడెందుకు?" అన్నాడు సైదులన్న.

వెళ్లనివ్వాల్సింది. వెళ్తే మంచిదే అని ఒక్క మాట అనాల్సింది. నేను గోధుమలు తొట్టిలో పోశాను.

ఇంతవరకూ నాది తెలివితక్కువతనమే. తప్పు తర్వాత వచ్చింది. ఓ పదిరోజులకు రాజలింగం తాత తన బిడ్డ ఇంటికి వెళ్లాడు. ఆయన లేని లైబ్రరీలో నడిమి షీట్లన్నీ స్వేచ్ఛగా ఉన్నాయి. పాత పేపర్ల కట్టలో ఆ రోజుది తీశాను. ఎందుకు తీశాను? అనుమానం వచ్చి కాదు, గర్వంతో. నేను ఊహించిందే ఉంటుందని చూసుకుని మురిసిపోదామని. ఏడో పేజీలో ఇలా ఉంది: ఇవేవీ లేకపోయినా, పనిచేసి రిటైరైన సైనికులందరి పిల్లలకూ వరుసలో చివరగా సీట్లు ఇస్తారు. సర్టిఫికెట్లు చూపించడానికి వచ్చే వారం శనివారం వరకు గడువు.

నేను అది చదివింది ఆ వారం గురువారం.

నన్ను నమ్మండి, చెప్పడానికే బయలుదేరాను. సగం దూరం దాదాపు పరిగెత్తాను. హోటల్ దగ్గర సైదులన్న పదిమందిలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి భుజం మీద చెయ్యేశాడు. "గీ తమ్ముడు లేకుంటె నల్లగొండ చుట్టు పిచ్చోని లెక్క తిరుగుతుంటి. మా కర్నల్ సాబు గూడ గింత సాఫ్‌గ చెప్పకపోవు. అరే, చాయ్ పొయ్యిరా తమ్మునికి!" అందరూ నా వైపు చూశారు. ఆ చూపుల కోసం నేను ఎన్నేళ్లుగా పుస్తకాలు తిరగేస్తున్నానో మీకు తెలియదు. తాగాక చెబుదాం అనుకున్నాను. తాగేలోపు ఎవరో భూమి పాసుబుక్కు గురించి అడిగారు. జవాబు చెప్పాను. అదీ గట్టిగానే.

శుక్రవారం గిర్నిలో పని చాలా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రోజు వచ్చింది ఒక ముసలమ్మ, ఆమె చేతిలో గిన్నెడు రాగులు. శనివారం లైబ్రరీలో కూర్చుని రోమ్ రాజుల పుస్తకం మళ్లీ తీశాను. ఒకడు తన ఊరు తగలబడుతుంటే వాయిద్యం వాయించాడని చెప్పుకునే కథ వచ్చిన చోట పుస్తకం మూసేశాను. గోడమీద గడియారం ఐదు కొట్టింది. గడువు పోయింది.

ఆ తర్వాత చాలాకాలం నన్ను నేను విచారించుకుని నాకు నేనే విడుదల ఇచ్చుకున్నాను. తప్పు తాతది, గురక పెట్టాడు కాబట్టి. తప్పు పేపరు వాళ్లది, ఒక వార్తను ఒకే చోట ముగించరు కాబట్టి. తప్పు సైదులన్నది, ఆఫీసుకు వెళ్లలేదు కాబట్టి. ఇంతమందిని శిక్షించాక కూడా గురువారం నుంచి శనివారం దాకా ఉన్న సమయానికి నేను తప్ప ముద్దాయి దొరకలేదు. మౌనిక దేవరకొండలో మామూలు డిగ్రీ చేసి, ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చెబుతోంది. చెడిపోయిందేముంది, బతుకుతోంది కదా, అంటాను నాతో నేను. అవును, బతుకుతోంది. సాయంత్రం బడి నుంచి వస్తూ పత్తిచేను గట్టున ఆగి, ఒక కాయ విప్పి చూసి, పారేసి, ఇంటికి వెళ్తుంది. ఆమె చదువును నేను చెడగొట్టలేదు. ఆమె అడిగిన చదువును చెడగొట్టాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, దాచి ఏం లాభం? ఒక పంద్రాగస్టు నాడు ఊళ్లోని మాజీ సైనికులంతా కలిసి నాకు శాలువా కప్పారు. వాళ్ల కుటుంబాలకు మంచి సలహాలు ఇస్తున్నందుకట. మైకులో నా గురించి నాలుగు మాటలు చదివింది మౌనిక. శాలువా మంచిదే. కప్పుకుంటే చలికాలంలో కూడా నాకు చెమటలు పడతాయి.

ఈ ఏడాది ఆమె చెల్లెలు ఇంటర్ పాసైంది. సైదులన్న మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. నేను జీవితంలో మొదటిసారి ఆ మాట అన్నాను. "నాకు తెల్వదన్నా. నల్లగొండల మాజీ సైనికుల ఆఫీసుంటది. పోయి అడుగు." ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "జరం గిట్ల వచ్చిందా తమ్మీ?" అన్నాడు. రాలేదన్నాను. వదినె ఆయన్ను బస్సెక్కించింది. ఆఫీసు వాళ్లు అన్నీ వివరంగా చెప్పి పంపారు. చిన్నబిడ్డకు సీటు వచ్చింది.

పోయిన వారం మౌనిక గోధుమలు తెచ్చింది. మోటారు నడుస్తుండగా నా పక్కకు వచ్చి నిలబడింది.

"కాకా, చెల్లెకొచ్చిన సీటు నాకెందుకు రాకపాయె? నాయినకు అప్పుడు గూడ గదే కాలు, గదే పప్పు గద."

నవ్వుతూనే అడిగింది. మోటారు చప్పుడులో వినబడనట్టు ఊరుకున్నాను. ఆమె చెయ్యి చాపి మోటారు ఆపేసింది.

"రూలు మారిందమ్మా," అన్నాను.

"గట్లనా? ఏం జేస్తం, నా నసీబు," అని, డబ్బా మూత పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ "మంచిది కాకా" అని కూడా అంది.

నసీబట. నసీబు మీసాల మీద పిండి ఉండదు. క్షమించమని అడగను. అడిగితే ఆ పని కూడా ఆమె నెత్తినే పెట్టినట్టవుతుంది. చెప్పాల్సింది మాత్రం ఇక్కడ రాస్తున్నాను, చదివేది ఆమె అయినా, మీరైనా.

రూలు మారలేదు మౌనికా. అప్పుడూ అదే రూలు. నాకు గురువారమే తెలుసు.