ఎడమ పిడి

మొన్న మా అమ్మాయి ఫోన్ నా ముందు పెట్టి, "నాన్నా, ఈ రెండు రీళ్లలో చవకలో మంచిది ఏది? నీకే కొంటాను" అంది. చేపలు పట్టే గేలం కర్రకు బిగించి దారం చుట్టే బెయిట్‌కాస్టింగ్ రీళ్లు అవి. నా దగ్గరున్నది తిరగడం లేదని దానికి తెలుసు, ఎందుకు తిరగదో తెలియదు. అది చెప్పాలంటే ముందు మా బావ గురించి చెప్పాలి.

బావంటే మా అక్క భర్త. ఇక్కడి ఉక్కు ప్లాంటులో ముప్పయ్యేళ్లు యంత్రాలకు గ్రీజు పెట్టి రిటైరయ్యాడు. స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాక తలుపు బందులకూ, కుట్టుమిషనుకూ, ఆఖరికి అక్క కత్తిపీట మడతకు కూడా గ్రీజు తప్పలేదు. వంకాయ కూర ప్లాంటు వాసనేస్తోందని అక్క రుసరుసలాడేది. ఆదివారమొస్తే ఆయన గేలం పుచ్చుకుని చెరువుకు పోయేవాడు. ఆ రోజుల్లోనే హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో నేను పనిచేసే చిన్న వర్క్‌షాపులో రేకులు నొక్కే ప్రెస్సు కింద నా కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. ఇల్లు కదలడం మానేశాను. క్యాంప్ 2 బస్తీలో మా ఇంటి కిటికీ దగ్గర కూర్చుని పలకరించిన ప్రతివాళ్ల మీదా విసుక్కునేవాణ్ణి. బావ ఒక్కడే దాన్ని ఖాతరు చెయ్యలేదు. "ఏట్రా, అలా గోడకేసి చూత్తే వేళ్లు మొలుత్తాయేటి? లెగు, రీలు కొనాల, బండెనకాల కూకో" అనేవాడు.

అలా ఆరు నెలలు దుర్గ్, రాయ్‌పూర్ దుకాణాలన్నీ తిరిగాం. పెట్టె మీద బేరింగులు ఎన్నని రాసినా ఆయన నమ్మేవాడు కాదు. దారం చుట్టే చక్రాన్ని వేలితో ఒక్క తోపు తోసి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. చప్పుడు లేకుండా ఎంతసేపు తిరిగితే అంత మంచిదట. అంతా నచ్చాక దాన్ని తిప్పే పిడివైపు చూసి, "బావుంది గాని మనకి కాదురా" అని తిరిగిచ్చేసేవాడు. "పెళ్లిచూపులకైనా ఇన్నాళ్లు పట్టదు బావా, పిసినారినని ఒప్పేసుకో" అని నేను ఏడిపించేవాణ్ణి. దుకాణం వాడూ నవ్వేవాడు. ఆయనా నవ్వేవాడు. ఆ తిరుగుళ్లలో నేను మళ్లీ మనుషులతో మాట్లాడటం మొదలుపెట్టానని నాకే తెలియలేదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున బావ టీ తాగుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పెద్దకర్మ అయ్యాక అక్క ఒక పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఈ రీళ్లకి పిడి ఏ పక్కనుంటే ఆ పక్కేనట తమ్ముడూ, మార్చడానికవదట. దొరికేవన్నీ కుడిపక్కవే. నీకు ఎడమచేత్తో తిప్పేది కావాలని మీ బావ ఎంత ఎతికేరో! ఆయన పోయే ముందు వారమే దొరికింది" అంది. ఆ రోజు నేను ఏడ్చినట్టు వేళ్లు పోయిన రోజు కూడా ఏడవలేదు.

చెరువుకు తీసుకెళ్లి విసిరితే ఎర నా కాళ్ల దగ్గరే పడింది. విప్పి చూస్తే లోపలంతా గ్రీజు. ఇలాంటి రీలుకు పల్చటి నూనె ఒక్క చుక్క చాలు. మా బావ మాత్రం పెద్ద యంత్రానికి పెట్టినట్టు నిండా కూరాడు, నా చేతికి ఇచ్చేముందు తన చేత్తో చెయ్యగలిగింది అదేనని.

అమ్మాయిని కొత్తది కొనొద్దన్నాను. కిరసనాయిల్లో ముంచితే ఆ గ్రీజు అయిదు నిమిషాల్లో పోతుంది. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ అయిదు నిమిషాలు నాకింకా దొరకలేదు.