ముందు బండి నీదే

మొన్న సాయంత్రం చోడవరం బస్టాండు దగ్గర ఉన్నట్టుండి వాన అందుకుంది. ఎవరో కుర్రాడు అప్పుడే ఆపిన మోటారు సైకిలు సైలెన్సరు మీద చినుకులు పడి చుయ్యిమన్నాయి. ఆ వేడి ఇనుము వాసన ముక్కుకి తగిలేసరికి నేను గొడుగు విప్పడం మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. మా ఆవిడ నా చొక్కా పట్టుకు లాగి, "ఏటలా తడిసిపోతన్నారు?" అని కసిరింది. ఏమని చెప్పను? ఆ వాసన వచ్చిందంటే నాకు జగన్నాథం గారు గుర్తొస్తారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు కాబట్టి చెప్పాలనిపించింది.

ఆయన మా పంచదార ఫ్యాక్టరీలో చెరకు ఇన్‌స్పెక్టరు. నేను ఆయన కింద ఫీల్డుమాన్ని. రోలుగుంట, చీడికాడ, కె.కోటపాడు వైపు ఊళ్ళు తిరిగి, ఏ రైతు చెరకు పక్వానికి వచ్చిందో చూసి నరుకుడుకి వంతులు వేయడం మా పని. నాకు ఎవరెవరి చేతుల్లోనో అరిగిపోయిన ఒక ముసలి మోటారు సైకిలు ఉండేది. ఎత్తు కనిపిస్తే చాలు దగ్గేది. ఆయనది కొత్త బండి. అయినా మొదటి రోజే నన్ను ముందు నడపమన్నారు. "సార్, నాది నత్తనడక బండి, మీరు ముందెళ్ళండి" అన్నాను మర్యాదకి. ఆయనకి చర్రున కోపం వచ్చింది. "నేను ముందెళ్తే నువ్వెక్కడ ఆగిపోయేవో నాకేటి తెలుస్తాది? వీపుకి కళ్ళున్నాయేటి నాకు? నడు!" అన్నారు. ఆ తరవాత ఎంతమందిమి కలిసి వెళ్ళినా అదే పద్ధతి. అందరిలోకీ నెమ్మదిగా వెళ్ళే బండి ముందు, అన్నిటికన్నా జోరైన బండి వెనక. నాకేమో సిగ్గుగా ఉండేది, పదిమందీ నా వీపే చూస్తున్నట్టు.

ఒకసారి చీడికాడ కొండల వైపు నుంచి వస్తుంటే రోడ్డు పక్కన ఒక కుర్రాడు పడి ఉన్నాడు. తొడ నిండా నెత్తురు. కొండల్లో నక్సలైట్ల గొడవలు జరుగుతున్న రోజులవి, ఎక్కడ చూసినా పోలీసులే. మా ముందు వెళ్ళిన జీపు ఆగలేదు. బస్సూ ఆగలేదు. నేను కూడా భయపడి, "మనకెందుకు సార్" అన్నాను. ఆయన నన్నొక చూపు చూసి, తువ్వాలుతో ఆ కాలు బిగించి, కుర్రాణ్ణి తన బండి మీద కూర్చోబెట్టి నడుముకి కట్టుకున్నారు. ఆసుపత్రిలో చేర్చారు. ఆ తరవాత పోలీసులు పిలిచి అతనెవరని గుచ్చి గుచ్చి అడిగారట. "పేరడగలేదండీ, కాలు చూసేను" అన్నారట. తనొక్కడే ఉన్నానని చెప్పి నా పేరు ఎక్కడా రానివ్వలేదు. ఆ సంగతి నాతో మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

సిలోన్, అదే ఇప్పటి శ్రీలంక, చూడాలన్న పిచ్చి ఆయనకి రేడియో వల్ల పట్టింది. అప్పట్లో మా ఊళ్ళో సగంమంది పాటలకోసం రేడియో సిలోన్ స్టేషనే పెట్టేవారు. గోడవతల బట్టల కొట్టు అప్పలరాజు, ఎదురింటి డ్రిల్లు మాస్టారు, నేను ఆయన వరండాలో చేరి వినేవాళ్ళం. ఒక ఆదివారం పాట మధ్యలో రేడియో కట్టేసి, "ఎన్నాళ్ళు వింటాం? ఈ పాటలొచ్చే ఊరికి ఎల్లొద్దాం. మోటారు సైకిళ్ళ మీద" అన్నారు. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఇక చూడండి ఆ సంబరం! వరండా గచ్చు మీద సుద్దముక్కతో చోడవరం నుంచి రామేశ్వరం దాకా దారి గీశారు. బళ్ళకి గుర్తుగా నాలుగు చెరకు ముక్కలు. నీళ్ళు దాటాల్సిన చోటల్లా తడి తువ్వాలు పరిచేవారు. గోదావరి మీద కొత్త వంతెన ఇంకా కడుతున్నారు కాబట్టి రాజమండ్రి దగ్గర పంటు మీద, అంటే బల్లకట్టు లాంటి పెద్ద పడవ మీద, బళ్ళు దాటించాలి. పాంబన్ దగ్గర ఉన్నది రైలు వంతెన ఒక్కటే, బళ్ళని రైల్లో ఎక్కించాలి. అక్కణ్ణుంచి సముద్రం, స్టీమరు. ఫ్యాక్టరీలో చెరకు క్రషింగు అయిపోయాక వేసవిలో బయల్దేరడం. పాస్‌పోర్టులకి అందరం దరఖాస్తులు పెట్టాం. అప్పలరాజు, "ఉత్త సేతుల్తో ఎలా ఎల్తామండీ పరాయి దేశం? నాలుగు బెల్లం దిమ్మలట్టికెళ్దాం" అన్నాడు. సరేనని రిహార్సలుకి బెల్లం దిమ్మలు సంచుల్లో కట్టి కె.కోటపాడు దాకా వెళ్ళొచ్చాం. ఎండకి, సైలెన్సరు సెగకి బెల్లం కరిగి గొలుసులోకి కారింది. మర్నాటికి ఫ్యాక్టరీ చీమలన్నీ మా బళ్ళ మీదే ఉన్నాయి. "సింహళం వాళ్ళకి చీమల్ని తీసుకెళ్తామేట్రా!" అని జగన్నాథం గారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. బెల్లం మానేసి జీడిపప్పుకి ఒప్పుకున్నాం.

అందరూ అంత హుషారుగా ఉంటే నేను మాత్రం మొదటి తడి తువ్వాలు దగ్గరే ఆగిపోయేవాణ్ణి. నా చిన్నప్పుడు శారదా నది పొంగినప్పుడు మా మావయ్య నన్ను తాటి దోనెలో దాటిస్తుంటే అది తిరగబడింది. నేను దొరికాను. మావయ్య దొరకలేదు. అప్పట్నుంచి మోకాలు దాటిన నీళ్ళు చూస్తే నాకు ఊపిరాడదు. ఒకరోజు తువ్వాళ్ళు మడతపెడుతూ ఆయనకి ఉన్నదంతా చెప్పేశాను. "నన్నొదిలేయండి సార్, మీరు ముగ్గురూ వెళ్ళండి." ఆయన నా చేతిలో తువ్వాలు తీసుకుని పక్కన పెట్టారు. "మీ మావయ్య నిన్ను ఒడ్డుకి చేర్చాలనే కదరా దోనెక్కేడు. అందరం దాటితేనే దాటినట్టు. ముందు బండి నీదే" అన్నారు. గచ్చు మీద నా చెరకు ముక్క జరిపి అన్నిటికన్నా ముందు పెట్టారు.

వేసవి వచ్చింది, బయల్దేరాం. గోదావరి రేవులో పంటు చూడగానే నా చేతులు హ్యాండిలు మీద బిగుసుకుపోయాయి. పంటు వెళ్ళిపోయింది. అప్పలరాజు విసుక్కున్నాడు, "ఈడొక్కడి కోసం మనం ఎండలో మాడిపోవాలేటి?" డ్రిల్లు మాస్టారు ముఖం తిప్పుకున్నారు. పంటు తిరిగొచ్చి జనం కోసం కాసుకుని ఉండగా జగన్నాథం గారు పులిహోర పొట్లాలు పట్టుకుని దాని మీదకెళ్ళి చతికిలబడ్డారు. "రారా, ఇది ఇప్పుడప్పుడే కదలదు. అన్నం తిని దిగిపోదాం." తిన్నాం. నిజంగానే దిగిపోయాం. అది మనుషుల్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చినప్పుడు దాని మీద తాంబూలం వేసుకున్నాం, మళ్ళీ దిగాం. పంటువాడు మాకు పిచ్చి పట్టిందనుకున్నాడు. ఆ పైసారి నేనే బండి తోసుకుంటూ ఎక్కాను. అది కదిలింది. ఆయన నా వెనక నిలబడి, నా చొక్కా కాలరు గుప్పిట్లో పట్టుకుని, కొవ్వూరు వచ్చేదాకా రోలుగుంట చెరకు గురించి మాట్లాడుతూనే ఉన్నారు.

రామేశ్వరంలో స్టీమరు దగ్గర కాగితాలు తియ్యమన్నారు. మేం ముగ్గురం తీశాం. ఆయన తియ్యలేదు. బండికి స్టాండు వేసి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "నాకు పాస్‌పోర్టు రాలేదురా. ఆ కుర్రాడి యవ్వారం, పోలీసు రిపోర్టు బాగోలేదట" అన్నారు, చెరకు తూకం చెప్పినంత మామూలుగా. అప్పలరాజు భోరుమన్నాడు. "అయితే ఎవలం ఎల్లం! అందరం దాటితేనే దాటినట్టని సెప్పింది మీరే కదండీ!"

"అది దారిలో ఆగిపోయినోడి గురించిరా. నేను ఆగిపోలేదు. నేను రావాల్సింది ఇక్కడిదాకానే, వచ్చేను."

"ఎప్పుడు తెలిసింది సార్?" అన్నాను.

"మనం బయల్దేరకముందే."

"మరి ఇంత దూరం, ఈ ఎండల్లో, ఎందుకొచ్చేరు?"

ఆయన నా వైపు చూడలేదు. "గోదారి దగ్గర వీళ్ళు నీకోసం ఆగుతారో ఆగరో అని" అన్నారు.

చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. ఆయనకి చిరాకు వేసింది. "ఛీ, లే! బండి ఎక్కించు. ముందు బండి నీదే." నా ముసలి బండిని తాళ్ళు కట్టి క్రేనుతో పైకెత్తారు. స్టీమరు కదిలింది. రేవులో ఆయన తన బండి పక్కన నిలబడి, తువ్వాలు ఊపుతూ, చిన్నగా అయిపోయి, కనిపించకుండా పోయారు. అంతసేపూ నేను స్టీమరు అంచు కమ్మీ పట్టుకుని వంగి చూస్తూనే ఉన్నాను. నా కాళ్ళ కింద ఉన్నది సముద్రమన్న సంగతి డ్రిల్లు మాస్టారు వచ్చి భుజం మీద చెయ్యి వేశాకే తెలిసింది.

తిరిగొచ్చాక వారం రోజులు ఆయన వరండాలో మేం చెప్పడం, ఆయన వినడం. ఎన్ని ఊళ్ళ గురించి చెప్పినా ఆయన నన్ను అడిగింది మాత్రం ఒకటే. "నీళ్ళు ఎలా ఉన్నాయిరా?" "బాగున్నాయి సార్" అన్నాను. ఆయన తృప్తిగా తలాడించి రేడియో పెట్టారు.

మొన్న బస్టాండులో వాన కాస్త తగ్గాక మా బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, అడుగు తీసి అడుగు వేయలేదు. "మీరు ముందెళ్ళి సీటు పట్టండి, నేనెలాగో వస్తాను" అంది. నేను గొడుగు విప్పి ఆవిడ తల మీద పట్టాను. "లేదు, నువ్వు ముందు నడు. నేను వెనకే వస్తన్నాను" అన్నాను.